వెనక పోర్షన్

దాలయ్య డాబా మీద మూడో బకెట్టు నీళ్లు కుమ్మరించి, నిచ్చెన దిగి, గదిలోకి వచ్చి పైకప్పు కేసి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి కిటికీ మూలన మరక నల్లబడింది. చెవి మీది పెన్సిలు తీసి దాని చుట్టూ గీత గీశాడు.

"సూసారా అమ్మా? అమ్మినోడు సున్నం ఏసి దాసీసినాడు. ఇల్లు కొనేవోళ్లు ఎండలో కాదు, ఓ వానలో సూడాల."

త్రిపురసుందరి తల ఊపింది. ఆమె టెక్కలిలో టీచరు. కాశీబుగ్గలో ఈ రెండు పోర్షన్ల ఇల్లు కొని నెల కాలేదు. ముందు పోర్షన్ తనకోసం తాళం వేసి ఉంచుకుంది. వెనకది అద్దెకివ్వాలి. ఇల్లు అద్దెకివ్వడం ఆమెకిదే మొదలు.

దాలయ్య పొట్టి మనిషి. అరవై దాటాయి. మడమల పగుళ్లలో సిమెంటు ఎంత తోమినా పోదు. కుడి బొటనవేలి గోరు ఎప్పటి సుత్తిదెబ్బకో నల్లబడి అలాగే ఉండిపోయింది. నందిగాం దగ్గరి పల్లె నుంచి తాపీపనికి వచ్చి, ఇరవై రెండేళ్లుగా ఇక్కడి అద్దె ఇళ్లకే మరమ్మతులు చేస్తున్నాడు. ఏ ఇంటి కుళాయి కారుతుందో, ఏ వీధి బోరులో నీళ్లు ఉప్పనో, ఏ ఓనరు గోడకి మేకు కొడితే ఊరుకోడో అతనికి తెలుసు. మనుషుల పేర్లు మాత్రం సగం గుర్తుండవు.

పగులు పూడుస్తూనే చెబుతున్నాడు. "దీనికి వేరే మీటరు పెట్టించండి. ఒక మీటరు మీద ఇద్దరుంటే మూడో నెలకల్లా దెబ్బలాటే. రెండో తాళంచెవి మీకాడ ఉంటాది. ఉంది గదా అని తలుపు తీసీసి లోనికెళ్లిపోకండి. ఆళ్లు ఉన్నన్నాళ్లూ ఇది ఆళ్ల ఇల్లే."

ఇల్లు అడిగినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు సురేష్, ప్రైవేటు కంపెనీ ఉద్యోగి, ఒంటరివాడు. ఇంకొకరు అప్పలసూరి, రాణి దంపతులు. ఉద్దానం వాళ్లు. అప్పలసూరికి కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం ఈ పక్కనే పలాసలో ఉండిపోయారు. త్రిపురసుందరి మనసు సురేష్ వైపే ఉంది.

"సొక్కా సూసి ఇల్లివ్వకండమ్మా. ఇప్పుడు ఆళ్లున్న ఇల్లు సూడండి. పదండి, రెండూ దగ్గరే."

సురేష్ గదికి తాళం వేసి ఉంది. కింద ఉండే ఓనరు, స్నానాలగది తలుపు విరిగి ఆరు నెలలైనా తనకి చెప్పలేదని మొత్తుకున్నాడు. అప్పలసూరి వాళ్లది మేడ మీద గది. పంతొమ్మిది మెట్లు. డయాలసిస్ రోజున ఆయన మూడుచోట్ల కూర్చుని ఎక్కుతాడని రాణి చెప్పింది. గచ్చు అద్దంలా ఉంది. కారే కుళాయికి ఆమె గుడ్డపీలిక చుట్టి, కింద బకెట్టు పెట్టింది. దాలయ్య ఆ ముడిని వేలితో తడిమి చూశాడు.

తిరిగి వచ్చేసరికి త్రిపురసుందరి భర్త జనార్దనరావు ఫోను చేశాడు. జబ్బు మనిషికి ఇవ్వద్దన్నాడు. ఇవ్వక తప్పదంటే ఒక షరతు కాగితం మీద పెట్టమన్నాడు. ఆమె కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని రాసి, పైకి చదివింది.

"ఎవరికైనా ఏదైనా జరిగితే శవాన్ని ఈ ఇంటికి తీసుకురాకూడదు."

దాలయ్య చేతిలో తాపీ ఆగింది.

"అమ్మా, ఆ ముక్క రాయకండి."

ఏ ఓనరుకీ ఎదురు చెప్పిన మనిషి కాదు. తలదించుకునే మాట్లాడాడు.

"మా ఇంటిది పార్వతికీ అదే జబ్బు. పోయి తొమ్మిదేళ్లయింది. ఆస్పత్రి నించి తెత్తే ఓనరు గేటు తియ్యలేదు. ఆడి తప్పని కాదు, అందరూ అంతే. వీధి సివర ఆటోలో ఉంచినాం. వాన. మా కూతురు వనజ తల్లి కాళ్లమీద గొడుగు పట్టుకుని కూకుంది. ఎనిమిదేళ్లు అద్దె కట్టిన ఇల్లమ్మా అది. గడప దాటనివ్వలేదు."

త్రిపురసుందరి పెన్నుకి క్యాపు పెట్టింది. కాగితం మడిచి సంచిలో వేసుకుంది. స్టాంపు పేపరు తెస్తానని బయల్దేరింది. దాలయ్య కిటికీ ఊచలకి ఆకుపచ్చ రంగు వేయడం మొదలుపెట్టాడు.

ఆమె వచ్చేసరికి మూడయింది. దాలయ్య గోడకి చేరబడి, కాళ్లు చాపి కూర్చున్నాడు. నాలుగు ఊచలకి రంగు పూర్తయింది. కునుకు తీస్తున్నాడనుకుంది. రెండుసార్లు పిలిచింది. దగ్గరికెళ్లి భుజం ముట్టుకుంది.

అంబులెన్సులో వచ్చినవాళ్లు గుండె ఆగిపోయి గంట దాటిందన్నారు. జీడిపప్పు మిల్లుల వెనక అతనుండే గది ఓనరుకి ఆమే ఫోను చేసింది.

"ఇక్కడికి తేవద్దండి. పిల్లలున్న కొంప" అన్నాడాయన.

భర్త కూడా అదే మాటన్నాడు. "ముందు అక్కడి నుంచి పంపించెయ్. రేపు ఆ ఇంట్లో ఎవరు దిగుతారు?"

"ఎక్కడికి పంపమంటారు?" అంది. ఆమె ఫోను పెట్టేసి ముందు పోర్షన్ తాళం తీసింది.

కబురు విని రాణి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే హాలు కడిగి చాప పరిచింది. అప్పలసూరి గేటు పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లకి దారి చూపించాడు.

హరిశ్చంద్రపురం నుంచి వనజ వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. గేటు దగ్గర ఆటో దిగి, వీధికి అటూ ఇటూ చూసింది. తండ్రి ఎక్కడా కనబడలేదు. గడప ముందుకొచ్చి ఆగిపోయింది.

"లోనికి రావచ్చా అమ్మా?"

"రామ్మా" అంది త్రిపురసుందరి. "నాన్న లోపలే ఉన్నారు."

ఆ తరవాతి సోమవారం అప్పలసూరి, రాణి వెనక పోర్షన్‌లో దిగారు. కొత్త కాగితంలో ఆ షరతు లేదు. వేరే మీటరుకి త్రిపురసుందరి అర్జీ పెట్టింది. మిగిలిన ఊచలకి రంగు వేయించడం మరిచిపోయింది, రాణి కూడా అడగలేదు.

ఆ కిటికీ కింద దాలయ్య రంగు బ్రష్షు నానబెట్టిన కొబ్బరి చిప్ప ఉంది. అందులో టర్పెంటైన్ ఎప్పుడో ఆవిరైపోయింది. బిరుసెక్కిన బ్రష్షు ఆకుపచ్చగా చిప్పకి అంటుకుపోయి నిలబడి ఉంది. రాణి రోజూ దాన్ని కదపకుండా దాని చుట్టూ ఊడుస్తుంది.