ఎనిమిది మగ్గాల మోతలో గంట

టెలిఫోను శాఖలో ముప్ఫై ఆరేళ్లు ఇంజనీరుగా పనిచేసి విరమించిన గురుమూర్తిగారికి, మోగవలసిన గంట ఎక్కడైనా మోగలేదంటే ముద్ద దిగదు. అందుకే చందాపురలో పట్టు మగ్గాల షెడ్డు నడిపే చెన్నరాయప్ప కబురు పెట్టగానే మీటరు సంచిలో వేసుకొని బయలుదేరారు.

షెడ్డు మీదే చెన్నరాయప్ప ఇల్లు. తుంటి ఎముకకు ఆపరేషను జరిగిన అతని భార్య నంజమ్మ అక్కడే మంచాన ఉంది. ఆమె తలదిండు పక్కనున్న బొత్తాము నొక్కితే కింద షెడ్డులోని పేజరు కూయాలి. అది కూస్తూనే ఉంది గాని, ఎనిమిది మరమగ్గాల మోతలో వినేవారు లేరు. కిందటి మంగళవారం ఆమె నీళ్లకని లేచి పడిపోయి, మధ్యాహ్నం మగ్గాలు ఆపేవరకు నేలమీదే ఉండిపోయింది. ఇక లాభం లేదని, రేపు వచ్చి హోసూరుకు తీసుకుపోతానని ఆమె అక్క పట్టుబట్టింది. ఇల్లు వదలడం నంజమ్మకు సుతరామూ ఇష్టం లేదు.

"ఇంత గంట తెచ్చి పేజరుకు కట్టినా సార్. సచ్చినా మోగల్యా," అన్నాడు చెన్నరాయప్ప.

గురుమూర్తిగారు పేజరును తిప్పి చూశారు. వెనుక తీగలు బిగించే చిన్న మరలు వరుసగా మూడు. గంట తీగలు సరాసరి వాటికే బిగించి ఉన్నాయి.

"దీనిలోనుంచి గంటకు కరెంటు వస్తుందనుకున్నావా?"

"అది మాత్రం కూస్తాండాది గదా సార్! గంటకు యాల ఇవ్వదు? అంత పిసినారిదా?"

"ఇది ఇచ్చేది కాదయ్యా, తలుపులా తెరిచి మూసేది. లోపల రిలే అని తనంతట పడే స్విచ్చి ఉంది. మామూలుగా నడిమి మర అటుదానితో కలిసి ఉంటుంది. పిలుపు వస్తే దాన్ని వదిలి ఇటుదాన్ని పట్టుకుంటుంది. కరెంటు మనమే వేరుగా తేవాలి."

ఆ చిన్న రిలే గంట భారం మోయలేదు కనుక మధ్యలో పెద్ద రిలే ఒకటి పెట్టారు. భోజనాల వేళ మగ్గాలు ఆగి ఉండగా నంజమ్మ నొక్కింది. గంట గణగణలాడింది.

"సచ్చినోళ్లు గూడా లేచొస్తారు సారూ!" అని పైనుంచి కేక.

గురుమూర్తిగారి మీసం కాస్త లేచింది. కాని మగ్గాలు మళ్లీ మొదలైన తరువాత నొక్కించి చూస్తే, గంట నాలుక ఆడుతోందే తప్ప చప్పుడు తెలియలేదు. మూడు బారల దూరంలో చెన్నరాయప్ప తల తిప్పలేదు.

"ఎర్రదీపం పెడదామా?" అని అతని చెవిలో అరిచారు.

"దీపం చూస్తా కూచుంటే పోగులెవరు చూస్తారు సార్? అయినా రేపు వాళ్లక్క..."

మాట సగంలో వదిలి అతడు గిరుక్కున తిరిగి షెడ్డు చివరకు నడిచాడు. అక్కడొక మగ్గంలో పోగు తెగి, అది తనంతట తానే ఆగి ఉంది. ముడివేసి నడిపించి వచ్చాడు.

"నీ వీపు కదయ్యా అటుండేది! ఎట్లా తెలిసింది?"

"ఎనిమిది ఆడేచోట ఏడాడితే తెలీదా సార్?"

గురుమూర్తిగారు స్టూలు మీద కూర్చుండిపోయారు. చప్పుడు పెరిగితే వినని చెవి, చప్పుడు తగ్గితే వింటోంది! ఈ వింత చెవికి గంట ఎందుకు? కాసేపటికి లేచి మెయిను ఆపించారు. తాము ముచ్చటపడి బిగించిన గంటను తామే విప్పారు. పెద్ద రిలేలో తీగను, మామూలుగా కలిసి ఉండే అటు మరకు మార్చి, మొదటి మగ్గాన్ని ఆపే బొత్తాము తీగతో కలిపారు. ఇక పిలుపు వస్తే అక్కడ కలిసేది ఉండదు, విడిపోయేదే.

మగ్గాలన్నీ అందుకున్నాయి. నొక్కమని పైకి ఇంకా చెప్పి పంపనైనా లేదు, మొదటి మగ్గం టక్కున ఆగింది. చెన్నరాయప్ప చేతిలోని దారపు కండెతోనే అటు పరుగెత్తి, వంగి పోగులు వెతికాడు. ఒక్కటీ తెగలేదు. ఒక్క క్షణం నిలబడి, మరుక్షణం మెట్లెక్కాడు. గురుమూర్తిగారు మోకాళ్లు పట్టుకుంటూ అతని వెనకే ఎక్కారు.

"ఏమైందే?"

"ఏమీ కాలా. వస్తావో రావో చూద్దామని నొక్కితి," అంది నంజమ్మ. అప్పటికే ఫోను ఆమె చెవి దగ్గర ఉంది. "నువ్వు రావద్దులేక్కా. ఈయనొచ్చినాడు. కండె చేతిలో పెట్టుకోనే పరిగెత్తుకోని వచ్చినాడు. ముప్ఫై ఏండ్లాయ, నేను పిలిస్తే మగ్గం నిలిచింది ఈ పొద్దే!"