ముందు కొయ్య మీద క్యారొలిన్

నీల్‌తారా అనే స్కూనర్ ఓడ తెరచాపలన్నీ ఎత్తుకుని పోర్ట్‌బ్లెయిర్ రేవులోకి మొదటిసారి వచ్చిన రోజున క్యారొలిన్ జెట్టీ మీద నిలబడి చూసింది. చూడ్డానికి తాతల కాలం నాటి ఓడలా ఉంది గానీ, కోరంగి దగ్గర కొత్తగా కట్టించారు. టేకు చెక్కకు పూసిన నూనె వాసన ఇంకా పోలేదు. డబ్బున్న అతిథుల కోసం లోపల ఏసీ గదులు, ఇత్తడి కుళాయిలు పెట్టారు. క్యారొలిన్ కళ్ళు మాత్రం పైనే ఉన్నాయి. తెరచాపలు కట్టే ముందు కొయ్య చిటారున ఎవరో మనిషి పిట్టలా కూర్చుని తాడు విప్పుతున్నాడు. నేనూ అక్కడికి ఎక్కాలి అనుకుంది.

ఆ ఓడలోనే ఉద్యోగం దొరికింది. కాకపోతే వంటగదిలో.

"నీడపట్టున పని. దేవుడికి స్తోత్రం," అంది తల్లి మేరమ్మ, డైరీ ఫార్మ్ పేటలో వాళ్ళింటి గుమ్మంలో నిలబడి.

వారం తిరక్కుండానే క్యారొలిన్ కెప్టెన్ గోపినాథ్ దగ్గరికి వెళ్ళి, డెక్ పని నేర్చుకుంటానంది. ఆయన విశాఖపట్నం మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "ఒకసారి ఎక్కి చూడమ్మా," అన్నాడు.

నడుముకి బెల్టు బిగించుకుని తాళ్ళ నిచ్చెన పట్టుకుంది. సగం దాకా బాగానే వెళ్ళింది. అక్కడ ఓడ కాస్త ఊగింది. కింద డెక్ అరచేయంత కనిపించింది. అంతే, చేతులు తాడుకి అతుక్కుపోయాయి. పైకీ పోలేదు, కిందికీ రాలేదు. సిబ్బందంతా తలలెత్తి చూస్తున్నారు. చివరికి డెక్ సిబ్బందికి పెద్దయిన సరంగు నెహెమ్యా ఎక్కి, వెనక నిలబడి, ఒక్కో కాలూ పట్టుకుని దించాడు.

"పర్లేదమ్మా, అందరికీ పడేది కాదు," అన్నాడు కెప్టెన్. ఆ జాలి ఆమెకు తిట్టు కన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

ఆ సాయంత్రం నెహెమ్యా దగ్గరికి వెళ్ళింది. "భయ్యా, కిందికి చూసినందుకే కదా భయమేసింది? ఈసారి చూడను."

"అరే, చూడకపోతే ఎలా? పని చేసేది కిందికి చూస్తూనే గదా. చూడు. కళ్ళు తిరిగిన కాడే ఆగి, తిరగడం మానేదాకా చూస్తా ఉండు. ఆనక ఇంకో మెట్టు."

మర్నాటి నుంచి టీ పెట్టక ముందే నిచ్చెన దగ్గర ఉండేది. భయమేసిన చోట ఆగేది. చెమటలు కారుతుంటే కింద నీళ్ళని, తాళ్ళ చుట్టలని, నెహెమ్యా బట్టతలని చూస్తూ నిలబడేది. ఒకరోజు ఒక మెట్టు పెరిగేది. ఇంకోరోజు ఉన్నదీ పోయేది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఉప్పు తగిలి మండుతుంటే గుడ్డ చుట్టుకుని పూరీలు వత్తింది.

ఒక ఉదయం మేరమ్మ చర్చికి పోతూ జెట్టీ దగ్గర ఆగి, పైన కూతుర్ని చూసి కేక పెట్టింది. "ఏటే నీకు మతి పోయిందేటి? మీ నాన్న ఫెర్రీ నిచ్చెన మీంచి జారి నడుం ఇరగ్గొట్టుకున్నది సాల్లేదా? దిగు!"

"నాన్న వానలో, బెల్టు లేకుండా ఎక్కాడమ్మా! నేను చూసుకునే ఎక్కుతున్నా!"

మేరమ్మ కదల్లేదు. కూతురు చిటారుకి చేరి, తిరిగి దిగి, డెక్ మీద కాలు పెట్టేదాకా అక్కడే నిలబడింది. తర్వాత చర్చి దారి పట్టింది. ఆ రాత్రి ఇంట్లో కొబ్బరినూనె వేడి చేసి, కూతురి అరచేతులకి తనే రాసింది.

అతిథులతో మొదటి ప్రయాణం డిగ్లీపూర్ వైపు. మధ్యాహ్నం పడమటి నుంచి నల్లటి మబ్బు, దాని వెంటే గాలి వచ్చాయి. పెద్ద తెరచాపలు దిగాయి గానీ, ముందు కొయ్య మీది చిన్నది సగంలో ఇరుక్కుపోయింది. అది కొట్టుకుంటున్నకొద్దీ ఓడ ఒక పక్కకి ఒరుగుతోంది. అతిథులు కుర్చీలు పట్టుకున్నారు.

"నెహెమ్యా, పైకి!" అని అరిచాడు కెప్టెన్.

"నేను పోతే ఇక్కడ తాడు ఎవరు వదుల్తారు సార్? క్యారొలిన్ పోద్ది."

కెప్టెన్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, తలూపాడు.

ఆమె అప్పటికే బెల్టు బిగిస్తోంది. వాన సూదుల్లా తగిలింది. మొదటిసారి చేతులు అతుక్కుపోయిన చోటే మళ్ళీ కళ్ళు తిరిగాయి. ఆగింది. కింద తెల్లటి నురగని నిండుగా చూసింది. బెల్టు కొక్కెం పై తాడుకి మార్చి, ఇంకో మెట్టు ఎక్కింది. పైన తాడు కప్పీలో పడకుండా పక్కకి జారి మెలిపడి ఉంది. ఒక చేత్తో కొయ్యని కావలించుకుని, రెండో చేత్తో మెలిక లాగింది. రాలేదు. పంటి బిగువున మళ్ళీ లాగింది. చర్మం లేచిపోయింది గానీ తాడు కప్పీలోకి వచ్చింది.

"ఛోడో భయ్యా, ఛోడో!"

కింద నెహెమ్యా తాడు వదిలాడు. తెరచాప సర్రున దిగింది. ఓడ మెల్లగా నిటారుగా నిలిచింది.

ఆమె దిగేసరికి కెప్టెన్ నిచ్చెన దగ్గరే ఉన్నాడు. "రేపటి నుంచి డెక్ మీదే నీ పని. వంటగదికి ఇంకొకర్ని చూస్తాను."

"థాంక్యూ సార్," అంది, రొప్పుతూనే. "పొయ్యి మీద చేపల పులుసుంది. ఎవర్నైనా దింపమనండి. నేను ఈ తెరచాప కట్టేసొస్తాను."