పంపే పాట

సోములమ్మ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. తన అల్లం కొనే షావుకారు తక్కెడనీ, మాత్రలిచ్చే నర్సమ్మ సంచినీ, చివరికి సొంత కోడలు కాచిన అంబలినీ కూడా ఓసారి అనుమానంగా చూడనిదే ఆమెకి తోచదు. అలాంటి మనిషి లోకం మొత్తమ్మీద చెల్లెలి మనవడు కామేష్‌ని ఒక్కడినే నమ్మింది. నమ్మి, పోయిన చైత్రం పండగలో తన ముందు రికార్డరు పెట్టుకోనిచ్చింది. ఇప్పుడు ఆ నమ్మకమే కంట్లో నలుసైంది.

ఆమె వాళ్ళ ఊరి గురుమాయి. ఏటా పండగలో కొండతల్లిని పాటతో పిలిచేదీ ఆమే, పాటతో సాగనంపేదీ ఆమే. రెండు పాటల మధ్య ఒక చెంబుడు నీళ్ళు పెడతారు. తల్లి వచ్చిందంటే నీళ్ళు కదులుతాయి. అవి కుదురుకునేదాకా ఊరంతా నోరు మెదపకూడదు. కుదురుకున్నాయో లేదో సోములమ్మే వంగి చూసుకుంటుంది, ఇంకొకరి కంటిని నమ్మదు. ఆ తర్వాతే పంపే పాట. పిలిచి పంపకపోతే తల్లి అటు కొండకీ పోలేక, ఇటు ఊళ్ళోనూ ఉండలేక వాకిళ్ళ వెంట తిరుగుతుంది. ఆ పాపం పిలిచిన గొంతుదే.

నిన్న సాయంత్రం మనవరాలు సోని ఫోన్లో కామేష్ రికార్డు చేసుకున్న పాట పెట్టింది. కొండపాటలన్నీ ఒకచోట వినిపించే వెబ్‌సైటులో కామేష్ పని చేస్తున్నాడు, అందులోదే. తన గొంతు తనే విని సోములమ్మ కాసేపు మురిసిపోయింది కూడా. పిలిచే పాట అయిపోయింది. అలవాటు కొద్దీ ఆమె ఊపిరి బిగబట్టి కూచుంది. అంతలోనే ఏ ఊరివాళ్ళదో థింసా పాట డప్పులతో సహా మొదలైంది.

"మిగతా పాట ఏదే గుంటా?"

"ఇంతే ఉంది మామ్మా."

ఫోన్లోనైనా పిలిచింది తన గొంతే. పంపే పాట ఎవరి చేతిలో ఉంటే తల్లి వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఈ గుంటడు దాన్ని వేరు చేసి విశాఖలో ఉండి ఆ వెబ్‌సైటు నడిపే వాళ్ళ సారు చేతిలో పెట్టాడా? పండగ మళ్ళీ దగ్గరపడుతోంది. ఈ సంగతి తేలకుండా పిలిచే పాట ఆమె నోట రాదు. వాకిళ్ళ వెంట తిరుగుతున్న తల్లిని మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని పిలుస్తుంది?

తెల్లవారగానే జీపెక్కి అరకులో దిగింది. ఫొటో స్టూడియో వెనక గదిలో కామేష్ ఒక్కడే ఉన్నాడు. బల్లమీద కంప్యూటరు డబ్బా తేనెతుట్టెలా రొద పెడుతోంది. తెరమీద ఒక పచ్చగీత మెల్లగా పాకుతోంది.

"ఏటమ్మమ్మా, కబురైనా సెయ్యకుండా వచ్చీసినావు?"

"కబురు సేత్తే సర్దీసుకుంటావని. నా పాటని ఏటి సేత్తన్నావో సూద్దారని వచ్చినాను. ఆ గీత ఏటి?"

"పాటలు మారుత్తన్నాయి. మనం రికార్డు సేసింది పెద్ద ఫైలు. అలాగే నెట్టులో పెట్టీమనుకో, మన కొండల్లో ఉన్న సిగ్నలుకి మద్దిలో ఆగిపోద్ది. అందికని సిన్న సిన్న ముక్కలు సేసి పెడతాం. ఒకటి ఇంటంటే ఇంకోటి యెనకాల వత్తాది. సిగ్నలు బాగున్నోల్లకి మంచి ముక్కలు, లేనోల్లకి తేలిక ముక్కలు."

"ముక్కలు సేసీసినావా?" ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "మరి నా పాటలో ఆకరి ముక్కలు ఎవులికిచ్చినావు?"

"ఎవులికిత్తానమ్మమ్మా? అంతా ఉంది."

"నువ్వు ఇన్నావా?"

కామేష్ వందల పాటలున్నాయని, ఒక్కోటీ వింటూ కూచుంటే తెమలదని, కంప్యూటరే చూసుకుంటుందని ఏదో గొణిగాడు. వాడి తడబాటు చూసేసరికి సోములమ్మ అనుమానం రెట్టింపైంది. స్టూలు లాక్కుని కూచుంది.

"పెట్టు, ఇద్దరం ఇందాం."

పెట్టాడు. పిలిచే పాట ముగిసింది. కామేష్ తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు. చిన్నప్పటినుంచీ ఆ చెంబు ముందు కూచున్నవాడే కదా. వెంటనే డప్పులు మోగాయి. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నానే కోయించీసినానమ్మమ్మా," అన్నాడు. "పాట అయిపోనాక సప్పుడు లేకుండా ఉత్తినే సాగితే, అక్కడికి కోసీమని కంప్యూటరుకి సెప్పినాను. అన్ని పాటలకీ ఒకటే మాట సెప్పీసినాను. నువ్వు నీల్ల కోసం ఊరుకున్నావు సూడు, పాట అక్కడితో అయిపోయిందనుకొని మిగతాది వదిలీసింది."

"అసలుది తే మరి."

"కార్డు సెరిపీసి మల్లా వాడీసినాను."

చెరిపేశాడట. ఎంత చక్కగా అమరిందో చూడండి, అడగడానికి ఏమీ మిగలకుండా. సోములమ్మ వాడి ముఖంలోకి గుచ్చి గుచ్చి చూసింది. తప్పు చేసినవాడి ముఖమో, దొంగ ముఖమో ఆమెకే తేలలేదు. తనవాడి ముఖంలో కూడా దొంగని వెతుక్కోవలసి వచ్చినందుకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఎంతమంది ఇన్నార్రా?"

"వందల్లో ఉంటారు."

"అంతమందీ పిలిసినారు. పంపినోడు ఒక్కడు లేడు."

"ఇప్పుడు రెండు పాటలూ మల్లా పాడీ అమ్మమ్మా. ఈపాలి ఆ కోత తీసీత్తాను. నువ్వు ఊరుకున్న సోటు కూడా ఉంటాది."

"మల్లా పిలవడమేట్రా? ఎప్పుడో వచ్చీసింది. పంపడమే. బేగి నీల్లు తే."

చెంబుతో నీళ్ళు తెచ్చి నేలమీద పెట్టబోయాడు.

"అక్కడ కాదు. పిలుపు ఎక్కడ్నుంచి ఎల్లిందో అక్కడ."

బల్లమీద డబ్బా పక్కన పెట్టాడు. చిన్న రికార్డరు తీసి ఆన్ చేశాడు. నీళ్ళు వణుకుతున్నాయి. ఇద్దరూ మాట్లాడకుండా కూచున్నారు. ఎంతసేపటికీ వణుకు ఆగలేదు. కామేష్ లేచి సీలింగు ఫ్యాను ఆపాడు. అయినా ఆగలేదు. అప్పుడు ఆమె చూపు నీళ్ళమీంచి రొద పెడుతున్న డబ్బా మీదికీ, అక్కణ్ణుంచి వాడి ముఖం మీదికీ తిరిగింది.

"సారు రేపటికల్లా అన్నీ కావాలన్నారు. నిన్న పొద్దున్నుంచీ మారుత్తన్నాయి. ఇప్పుడాపితే మల్లా మొదట్నుంచీ..." అన్నాడు కామేష్.

సోములమ్మ ఇదిగో, ఇక్కడ బయటపడతాడనుకుంది. సారు మనిషయితే ఆపడు. పచ్చగీత చివరికొచ్చేసిందని చదువు రాని ఆమెకీ తెలుస్తూనే ఉంది.

కామేష్ తెరకేసి ఒకసారి చూశాడు. వంగి, డబ్బా స్విచ్చి కట్టేశాడు.

రొద ఆగిపోయింది. తెర నల్లబడింది. వాడు బల్ల దగ్గర మోకాళ్ళమీద కూచుని, గడ్డం బల్లకి ఆనించి చెంబులోకి చూస్తూ ఉండిపోయాడు. సోములమ్మ కూచున్నచోటికి నీళ్ళు కనబడవు. లేచి, వంగి చూసుకోవాలి.

"ఆగినాయమ్మమ్మా," అన్నాడు కామేష్, గుసగుసగా.

సోములమ్మ లేవలేదు. కళ్ళు మూసుకుని, పంపే పాట ఎత్తుకుంది.