మిల్లు కొండ మీద ఆరడుగులు

వర్న్ తకాలా తలుపు తోసుకుని వచ్చేసరికి ఆవిరిగదిలో ముగ్గురూ ఇంకా వణుకుతూనే ఉన్నారు. జూన్ వచ్చిందన్న సంగతి సుపీరియర్ సరస్సుకు ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున్నే ఆ నీళ్లలో ఈదడం, ఆపైన కట్టెల పొయ్యి చుట్టూ చెక్కబల్లల మీద ముడుచుకుని కూర్చోవడం కెటిల్ హార్బర్ ఈతగాళ్లకు ఏళ్ల నాటి అలవాటు.

"వచ్చేస్తోంది! పెద్ద పోటీ! మన ఊరికే, వచ్చే ఏడాది ఆగస్టులో!" అన్నాడు వర్న్.

"ముందు తలుపెయ్యవయ్యా మహానుభావా, ఆవిరంతా బయటికి పోతోంది" అంది కొలెట్. ఊళ్లో మాంసం కూరి కాల్చే పేస్టీల కొట్టు ఆమెదే. మాట ఎంత దురుసో చెయ్యి అంత పెద్దది.

వర్న్ తలుపేశాడు కానీ కూర్చోలేదు. అరవై ఏడేళ్ల మనిషి. గనిలో కరెంటు పని చేసి రిటైరయ్యాక కారు నెత్తిన సైకిలు కట్టుకుని ఎక్కడ పోటీ జరిగితే అక్కడికి పోయేవాడు. రెండున్నర మైళ్ల ఈత, దాని వెంటే నూటపన్నెండు మైళ్ల సైకిలు, అదీ అయ్యాక ఇరవయ్యారు మైళ్ల పరుగు. అన్నీ ఒక్క పగట్లో. ఆ పిచ్చి అతనికి పట్టి ఇరవై ఏళ్లయింది.

"నా మంచం మీద నేను నిద్రలేచి, నా వంటింట్లో నా కాఫీ తాగి, నడిచెళ్లి నీళ్లలో దూకుతాను. ఈ జన్మకి ఇది చాలు" అన్నాడు.

"మనకి చోటు మిగిలితే కదా! షికాగో డాక్టర్లంతా పదివేల డాలర్ల సైకిళ్లేసుకుని దిగుతారు చూడు" అన్నాడు ఎమెట్. బడిలో లెక్కలు చెబుతాడు. గుంపులో అందరికంటే చిన్నవాడు, అందరికంటే వేగం.

"దిగనీ. మన నీళ్లలో పాదం పెట్టగానే అమ్మా అని అరుస్తారు. నేను ఒడ్డున కూర్చుని పేస్టీలు అమ్ముకుంటాను. ఆ దూరం నేను పోతే నా మోకాళ్లు నాకు విడాకులిస్తాయి" అంది కొలెట్.

అందరూ నవ్వారు. లోర్నా నీమీ కూడా నవ్వింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని ఆమెది. గుంపులో ఈతకు ఆమెను మించినవాళ్లు లేరు.

అప్పుడు ఎమెట్ ఫోనులో పోటీ దారి పటం తెరిచాడు. వేలితో గీత వెంట పోతూ, "సైకిలు దారి రేవు దగ్గర మొదలై, పాత స్టేషను మీదుగా..." అని ఆగిపోయాడు. వర్న్ వంగి చూశాడు. చూసి, వెనక్కి జరిగాడు.

"మిల్లు కొండ మీదుగానా?" అని అడిగింది లోర్నా.

"రెండు చుట్లు" అన్నాడు ఎమెట్ నేల చూపులు చూస్తూ.

లోర్నా మేజోళ్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది. తడి కాలికి అవి ఎక్కక చాలాసేపు పట్టింది.

మూడేళ్ల కిందట సెప్టెంబరులో ఆమె భర్త రేనో ఆ కొండ మీదే పోయాడు. పొద్దుటెండ ఎదురు కొడుతుండగా సైకిలు మీద ఎక్కుతున్నాడు. వెనక దుంగల లారీ. ఆ రోడ్డుకు పక్కన సైకిళ్లు పోయే అంచంటూ లేదు. తారు అయిపోయినచోట గొయ్యి మొదలు. లారీ నడిపిన మార్విన్ కోస్కి ఊరివాడే, తాగి లేడు, వేగంగానూ పోలేదు. ప్రమాదం అన్నారు, కేసు లేదన్నారు. మార్విన్ ఆ తరవాత మళ్లీ లారీ ఎక్కలేదు, కలప యార్డులో కూలికి కుదిరాడు. రేనో పోయిన నెలలోనే ఈతగాళ్లంతా గడపగడపా తిరిగి సంతకాలు పోగుచేసి, ఆ కొండ మీద రోడ్డు పక్క నాలుగడుగుల జాగా వెయ్యండని రోడ్లు చూసే కౌంటీ వాళ్లను అడిగారు. కుదరదన్నారు. లోర్నా సైకిలును గ్యారేజీలో కొక్కేనికి తగిలించేసింది. కొండ దారి మానేసి ఆసుపత్రికి చుట్టు తిరిగి పోతోంది.

పోటీ గురించి ఊరివాళ్లకు చెప్పడానికి హైస్కూలు జిమ్‌లో సమావేశం పెట్టారు. కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. నిర్వాహకులు మాట్లాడాక కౌంటీ రోడ్ల ఇంజనీరు లేచాడు. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు.

"మిల్లు కొండ మీద రోడ్డుకి రెండు పక్కలా ఆరేసి అడుగుల అంచు వేస్తున్నాం. వచ్చే వేసవికల్లా పూర్తవుతుంది" అన్నాడు.

జిమ్ చప్పట్లతో మోగిపోయింది. లోర్నా పక్కనే కూర్చున్న వర్న్ కూడా రెండు చేతులూ కలపబోయి, ఒళ్లో పెట్టేసుకున్నాడు.

లోర్నా లేచింది. "మూడేళ్ల కిందట మేం నాలుగే అడిగాం. అప్పుడెందుకు కుదర్లేదు?"

ఇంజనీరుకు ఆమె ఎవరో తెలియదు. తెలిసుంటే మరోలా చెప్పేవాడేమో. "ఆ రోడ్డు మీద అంత రాకపోకలుండవు కదమ్మా. ఖర్చుకి తగ్గ అవసరం అప్పుడు కనిపించలేదు" అన్నాడు.

ఇంకేదైనా అడుగుతుందేమోనని అందరూ చూశారు. ఆమె కూర్చుంది.

బయట కార్ల దగ్గర ఎమెట్ వెంటపడి వచ్చాడు. మంచి మనసుతోనే అన్నాడు పాపం: "లోర్నా, నిర్వాహకులతో మాట్లాడాను. ఆ ఎక్కుడుకి రేనో పేరు పెడతామంటున్నారు. బోర్డు కూడా కడతారంట."

"చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా? బతికుండగా ఇంత జాగా ఇవ్వనివాళ్లు ఇప్పుడు కొండంతా రాసిస్తారటా?"

"అలా అనకు. పోయినోడు నాకూ స్నేహితుడే" అన్నాడు వర్న్. "ఆ సంతకాల కోసం నేనూ తిరిగాను, కుక్కల చేత కరిపించుకున్నాను. ఎవడి పుణ్యాన వస్తే ఏం? రోడ్డు వస్తోంది."

"నీకు వస్తోంది వర్న్. నాకేం వస్తోంది?"

కొలెట్ మధ్యలోకి వచ్చి లోర్నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు వద్దంటే మన గుంపులో ఎవ్వరూ దిగరు. నేను చెబుతున్నాను, ఒట్టు."

లోర్నా వర్న్ వంక చూసింది. అతను కారు తాళాలు ఎప్పుడూ చూడనట్టు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"దిగండి" అని కారెక్కింది.

నవంబరులో మార్విన్ కోస్కి ఆసుపత్రికి వచ్చాడు. యార్డులో మంచు మీద జారి చెయ్యి ఊనాడట, మణికట్టు వాచిపోయింది. ఎక్స్‌రే గది గుమ్మంలో లోర్నాను చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?"

"ఇవాళ నేనొక్కదాన్నే. కూర్చో."

ఆ చెయ్యి ఎప్పటికైనా తన ముందుకొస్తే ఏం చేస్తానా అని ఆమె మూడేళ్లుగా అనుకుంటూనే ఉంది. ఇప్పుడది పలక మీద ఉంది. ఉబ్బి, చల్లగా, గోళ్ల సందుల్లో దేవదారు జిగురుతో. ఆమె దాన్ని బోర్లా తిప్పింది.

"వేళ్లు చాపు. నొప్పెడితే చెప్పు."

"పర్లేదు."

గోడ వెనక్కి పోయి మీట నొక్కింది. బొమ్మ చెదిరింది. కదలొద్దని చెప్పి మళ్లీ తీసింది. మళ్లీ చెదిరింది. అతని చెయ్యి వణుకుతోంది. ముంజేతి మీద ఇసక సంచి పెట్టడానికి ఆమె వంగినప్పుడు అతను నెమ్మదిగా అన్నాడు:

"ఆరడుగులంట కదా."

లోర్నా సంచి అతని ముంజేతి మీద పెట్టింది.

"నాకు ఒక్కటి చాలేది లోర్నా. ఒక్కడుగు. ఎండ కళ్లలో పడకముందే చూశాను అతన్ని. జాగా సరిపోతుందనే అనుకున్నాను."

ఆమె సంచి సర్దింది. గోడ వెనక్కి పోయి, మీట మీద వేలు పెట్టి, కళ్లు తుడుచుకుని, నొక్కింది. ఈసారి బొమ్మ సరిగ్గా వచ్చింది. ఎముక చిట్లింది.

కోటు తొడుక్కోలేక అవస్థ పడుతుంటే ఆమే సాయం పట్టింది. "పోటీ రోజున కొండ మీద నీళ్లందించడానికి పేరిచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలీదు. నువ్వొద్దంటే తీయించేస్తాను" అన్నాడు.

అతను నడవా చివరిదాకా వెళ్లాక, "తీయించకు" అంది.

ఆ ఆదివారం ఆమె కొక్కెం మీంచి సైకిలు దింపింది. పోటీకి తన పేరు కూడా ఇచ్చింది. భర్త పేరు నిలబెట్టాలనేమీ కాదు. అలా అనుకున్నవాళ్లను ఆమె అనుకోనిచ్చింది. పోటీనాడు లారీలు లేని ఆ రోడ్డు మీద, రేనో ఎక్కలేకపోయిన మిగతా కొండ ఒక్కసారి ఎక్కాలనుకుంది, అంతే. చలికాలమంతా సైకిలును స్టాండుకు బిగించి గ్యారేజీలో తొక్కింది. మంచు కరిగాక సరస్సు వెంట ఉన్న రోడ్డు మీద తొక్కింది. కొండ వైపు మాత్రం పోలేదు.

పోటీనాడు సరస్సు మీద పొగమంచు. ఈతలో లోర్నా చాలామంది పరాయివాళ్లను దాటేసి, పెదవులు నీలంగా ఒడ్డెక్కింది. కొలెట్ కేకలు ఎంత జనంలోనైనా వినిపిస్తాయి. సైకిలెక్కింది. స్టేషను దాటాక రోడ్డు కొత్త తారుతో నల్లగా, వెడల్పుగా, ఏ బండీ లేకుండా కొండకేసి లేచింది. అంచున ఒకరి వెనక ఒకరు తొక్కుతున్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోవడం లేదు. చూసుకోవలసిన పని లేదు.

ఆమె రేనో పడ్డచోటు గుర్తుల కోసం చూసింది. ఒంగిన మేపుల్ చెట్టు, దాని బెరడు మీద లారీ గీసుకుపోయిన మచ్చ. పక్కన తూము, గోతిలో ఫెర్న్ మొక్కలు. అంత్యక్రియలయ్యాక ఒకసారి వచ్చి చూసి వెళ్లినవి. తొక్కుతూ తొక్కుతూ తల ఎత్తేసరికి కొండ కొన మీద ఉంది. చోటు దాటిపోయింది. ఎక్కడ దాటిందో తెలియలేదు.

సైకిలు దిగి, వెనక్కి నడవసాగింది. "అమ్మా, ఎదురు రాకండి!" అని ఎవరో అరిచారు. చెట్టు కొట్టేశారు. గొయ్యి పూడ్చేశారు. తూము మట్టి కిందికి పోయింది. ఎటు చూసినా ఒక్కలాంటి కంకర, ఒక్కలాంటి తారు.

నీళ్ల బల్ల దగ్గర నారింజరంగు చొక్కాలో మార్విన్ ఆమెను చూశాడు. సీసాలు పక్కవాళ్లకు అప్పజెప్పి వచ్చాడు. ఏం వెతుకుతోందని అడగలేదు. లోయ అవతలి మిల్లు చిమ్నీ వంక చూస్తూ నాలుగడుగులు కిందికి నడిచి ఆగాడు.

"ఇక్కడ" అని చూపించాడు.

కొత్త అంచుకు నట్టనడుమ. తెల్లగీతకు ఇవతల. ఆ ఆరడుగుల్లోనే, సైకిళ్లు వరసగా దాని మీదుగానే పోతున్నాయి.

"గట్టిగా తెలుసా?"

"వారం వారం వస్తాను."

లోర్నా కంకర మీద కూర్చుంది. మార్విన్ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. సైకిళ్లు వస్తూనే ఉన్నాయి. కొందరు ఏమైంది, సాయం కావాలా అని అడిగారు. ఆమె చెయ్యి ఊపి పంపేసింది. కాసేపటికి వర్న్ ఎక్కుతూ కనిపించాడు, ముఖం ఎర్రబడి, నోరు తెరుచుకుని, సంతోషంగా. ఆమెను చూసి వేగం తగ్గించాడు.

"ఏమైంది? చక్రమా?"

"ఏం కాలేదు. పో."

"లోర్నా..."

"ఆగావంటే చంపేస్తాను. పో వర్న్!"

అతను వెళ్లాడు. చక్రం ఆ చోటు మీదుగా పోయింది. అతనికి తెలియదు, ఆమె చెప్పలేదు. రెండో చుట్టులో మళ్లీ వచ్చాడు, ఈసారి ఆమె వంక చూడకుండా పోయాడు.

చివరి సైకిలు కూడా పోయాక, వెనకబడ్డవాళ్లను ఎక్కించుకునే వ్యాను వచ్చింది. అందులోని అమ్మాయి లోర్నా కాలికి కట్టిన, పోటీ సమయం లెక్కపెట్టే పట్టీ విప్పి తీసుకుంటూ, "సైకిలు బాగానే ఉందే! వచ్చే ఏడాది తప్పకుండా పూర్తి చేస్తారు లెండి" అంది. లోపల అప్పటికే ముగ్గురు ఓడిపోయినవాళ్లు అరటిపళ్లు తింటున్నారు. వాళ్లు జరిగి చోటిచ్చారు.

మంగళవారం పొద్దున ఈతకు అందరూ వచ్చారు. వర్న్ పోటీ పూర్తి చేసినవాళ్లకిచ్చే చొక్కా వేసుకున్నాడు కానీ, లోర్నా కంటపడకుండా తిరగేసి తొడుక్కున్నాడు. ఆమె కుట్లు చూసి, "సరిగ్గా వేసుకోవయ్యా. సంపాదించుకున్నావు" అంది. అతను చాటుకు పోయి సరిచేసుకుని వచ్చాడు.

"నిన్నటి నుంచి లారీలు మళ్లీ మొదలయ్యాయి. రోడ్డు వెడల్పయింది కదా, ఇదివరకటికంటే జోరుగా దిగుతున్నాయి. కొట్టు అద్దాలు గడగడలాడుతున్నాయి" అంది కొలెట్.

"అయినా అంచుంది కదా. సైకిలు నేర్చుకునే బడిపిల్లల్ని ఇక కొండ మీదికి తీసుకెళ్లొచ్చనుకుంటున్నాను" అన్నాడు ఎమెట్. అన్నాక లోర్నా వంక భయంగా చూశాడు.

"తీసుకెళ్లే ముందు మార్విన్‌ని అడుగు. లారీలు ఏ వేళకి దిగుతాయో, ఏ మలుపు దగ్గర ఎండ కళ్లలో పడుతుందో అతనికి తెలుసు" అంది లోర్నా.

ఆ పేరు ఆమె నోట అంతవరకూ ఎవరూ విని ఎరగరు. ఎమెట్ తలూపాడు. డ్యూటీకి వేళవుతోందని లోర్నా తువాలు భుజాన వేసుకుని లేచింది.