గోడ మీది యజమాని

నూట ముప్పై ఒకటో కార్టన్‌ను రాయమల్లు రెండు చేతులతో కొంచెం ఎత్తి, పక్కకు వంచి, చెవి ఆనించాడు. లోపల నలభై ఎనిమిది క్వార్టర్ సీసాలు ఉండాలి. ఒక్కటి పగిలినా గాజుముక్క కదిలిన చప్పుడు వస్తుంది, అట్ట మూల చెమ్మగా తగులుతుంది. అలాంటిదేమీ లేదు. కార్టన్‌ను గోడవైపు జరిపి, ప్యాంటు జేబులోంచి ఒక చింతగింజ తీసి, స్టూలు మీదున్న రేకు డబ్బాలో వేశాడు.

కార్టన్‌కు ఒక గింజ. తాళ్ళెక్కే రోజుల్లో ఎన్ని చెట్లకు కల్లు లొట్లు కట్టాడో మరిచిపోకుండా నాయన నేర్పిన పద్ధతి అది. రాయమల్లు నలభై ఒకటో ఏట తాటిచెట్టు మీంచి పడి తుంటి విరిగాక చెట్లు పోయాయి గానీ గింజలు మిగిలాయి. కౌంటర్ మీద కూర్చునే మధు దగ్గర కంప్యూటర్ ఉంది, సీసా మూతి మీది లేబుల్ చదివే మిషనూ ఉంది. నెలకు రెండుసార్లయినా ఆ మిషను మొరాయిస్తుంది. అప్పుడు మధు వెనక గదిలోకి తల పెట్టి, "మామా, నీ గింజలు ఏమంటున్నయ్?" అని అడుగుతాడు. గింజలు ఎన్నడూ తప్పు చెప్పలేదు.

కాశిబుగ్గ నుంచి ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో ఉన్న ఆ వైన్స్‌లో రాయమల్లుది పదహారేళ్ళ కొలువు. లైసెన్సు రెండేళ్ళకోసారి చేతులు మారుతుంది. పాత యజమాని పోతూ పోతూ ర్యాకులు, ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు కొత్తవాడికి అప్పగిస్తాడు. వాటితోపాటు రాయమల్లును కూడా. ఏ సరుకు ఏ వారం వచ్చిందో, ఏ బీరు గడువు ముందు తీరుతుందో, డిపో లారీ దించేటప్పుడు ఏ కార్టన్ నేలకు తగిలిందో అతనికి చేతి స్పర్శకే తెలుస్తుంది. పగిలిన సీసాల మెడలను, మీది లేబుల్ చెదరకుండా, ఒక గోనెసంచిలో దాచి పెడతాడు. మెడ చూపిస్తేనే పగిలిందని ఒప్పుకుంటారు. లేకపోతే తాగాడంటారు. తాగని మనిషిని తాగాడనడం ఎవరికైనా సులువే.

ఛాతీ మీద, చేతుల లోపలివైపు తాటిమాను గీసిన నల్లటి కాయలు ఇంకా ఉన్నాయి. కుడికాలు కొంచెం పొట్టి. నడిచేటప్పుడు ప్రతి రెండో అడుక్కీ ఏదో మరిచిపోయి వంగినట్టుంటాడు. ఈ మూడు నెలలుగా నాలుగు కార్టన్లు సర్దగానే ఎడమ దవడ దాకా నొప్పి పాకుతోంది. అప్పుడు స్టూలు మీద కూర్చుని, చొక్కా జేబులోని మాత్ర ఒకటి నాలుక కింద పెట్టుకుంటాడు. ఇప్పుడూ అలాగే కూర్చున్నాడు.

కానీ ఇవాళ నొప్పి మీద పెద్ద కోపం లేదు. ఇవాళ డిసెంబరు ఒకటో తారీఖు. పాత లైసెన్సు నిన్నటితో అయిపోయింది. మిగిలిన సరుకు తేల్చి కొత్త లైసెన్సు కింద రాయించడం మధు పని. రాయమల్లుకు మాత్రం ఈ తారీఖు ఇంకో కారణంగా కావాలి. ఎందుకంటే, నిన్నటిదాకా ఈ దుకాణానికి యజమాని అతనే.

నవ్వులాట కాదు. గీత కులాలవాళ్ళకని సర్కారు కొన్ని దుకాణాలు విడిగా పెడుతుంది. చెట్లెక్కి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళు సీసాల మీదనైనా నాలుగు మెతుకులు తింటారని దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. రాజేశ్వర్ రావు సారు ఉద్దేశం ఇంకా మంచిది. పెట్టుబడి ఆయనది, దుకాణం ఆయనది, లాభం ఆయనది. కులం ఒక్కటే తక్కువైంది, దాన్ని రాయమల్లు దగ్గర తీసుకున్నాడు. రెండేళ్ళ కింద లైసెన్సుల లక్కీ డ్రాలో రాయమల్లు పేరు వచ్చింది. 'తాళ్ళపల్లి రాయమల్లు గౌడ్' అని పెద్ద అక్షరాలతో, నీలం గళ్ళ చొక్కా వేసుకున్న ఫొటోతో లైసెన్సు ఫ్రేము కట్టించి కౌంటర్ వెనక గోడకు తగిలించారు. మొదటి వారం అతను రోజుకు నాలుగైదుసార్లు ఏదో పనున్నట్టు కౌంటర్‌లోకి వచ్చి ఆ గోడను చూసుకుని పోయేవాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఊళ్ళో కులపోళ్ళు మాట్లాడటం మానేశారు. నిజంగా దుకాణం నడుపుకుందామని దరఖాస్తు పెట్టి, పేరు రాక నష్టపోయిన సదానందం అయితే ముఖాన్నే అన్నాడు, "కులాన్ని అమ్ముకున్నవ్ కదనే." సదానందం అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు మరి.

ఆ తర్వాత తెల్లకార్డు పోయింది. మద్యం దుకాణం యజమానికి తెల్లకార్డు ఎలా ఇస్తారు? రేషన్ డీలర్ పోశయ్య వేలిముద్ర మిషను తిప్పి చూపించి నవ్వాడు. "వైన్స్ ఓనర్ సాబ్‌కు దొడ్డుబియ్యం ఎందుకే?" అన్నాడు. వరుసలో నిలబడ్డ అతని భార్య కట్టమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. బియ్యం పోతే పోయాయి, ఎట్లాగో తిన్నారు. కానీ మూడు నెలల కింద హనుమకొండలో గుండె డాక్టరు రెండు నరాలు మూసుకున్నాయని చెప్పి, తెల్లకార్డు తెస్తే సర్కారు ఖర్చుతో ఆ వారంలోనే తెరుస్తానన్నాడు. కార్డు లేకపోతే ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆ అంకె విన్నాక మొగుడూ పెళ్ళాలు దాని గురించి మళ్ళీ ఎత్తలేదు.

"ఫికర్ చెయ్యకు రాయమల్లూ," అన్నాడు రాజేశ్వర్ రావు. "ఒకటో తారీఖు నుంచి నీ పేరు ఎగిరిపోతది. పేరు తీసెయ్యనీకి దరఖాస్తు నేనే పెడ్త. కులం సర్టిఫికెట్, మూడు ఫొటోలు ఇయ్యి."

ఇచ్చాడు. ఫొటో కోసం కట్టమ్మ కాశిబుగ్గ చౌరస్తాలో ఒక తెల్లచొక్కా కొన్నది. ఇస్త్రీ ఆమే చేసింది. ఇంగ్లీషు కాగితాల మీద సారు వేలు పెట్టిన చోటల్లా రాయమల్లు తెలుగులో సంతకం చేశాడు. చీకట్లో చెయ్యి పెట్టి ఏ సీసానో చెప్పగలిగిన మనిషి, తన పేరు తీసేసే కాగితం మీద తన ఫొటో ఎందుకు అతికిస్తున్నారని మాత్రం అడగలేదు. తెల్లచొక్కాను దవాఖానలో చేరే రోజుకని మడిచి పెట్టెలో దాచుకున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం కట్టమ్మ కాగితాలన్నీ పట్టుకుని దుకాణానికి వస్తుంది. ఇద్దరూ కలిసి కార్డు ఆఫీసుకు పోవాలి. పొద్దున అతను బయల్దేరేటప్పుడే ఆమె పెట్టెలో అడుగునున్న చీర తీసి దండెం మీద వేసింది.

"మామా, జర ముందటికి రా. పూజ ఐతాంది, సార్ పిలుస్తాండు," అన్నాడు మధు తలుపు దగ్గర నిలబడి.

రాయమల్లు చేతులు తుడుచుకుని వెళ్ళాడు. కౌంటర్ నిండా అగరొత్తుల పొగ. సీసాల వరుసల ముందు పళ్ళెంలో అరటిపండ్లు, ఒక కొబ్బరికాయ. షట్టర్ సగమే ఎత్తారు. బయట పత్తి ట్రాలీలు ఆపుకుని నలుగురైదుగురు అప్పుడే వరుస కట్టారు. రాజేశ్వర్ రావు తెల్లని బట్టల్లో, నుదుట బొట్టుతో కళకళలాడుతున్నాడు. గోడ మీద పాత ఫ్రేము లేదు. ఆ మేకుకే కొత్త ఫ్రేము వేలాడుతోంది. దానికి బంతిపూల దండ వేశారు.

దండ వెనక ముఖం సగం కనబడలేదు. చొక్కా కనబడింది. తెల్లచొక్కా. కట్టమ్మ ఇస్త్రీ చేసినప్పుడు కాలర్ అంచున కొంచెం మాడిన గోధుమరంగు మచ్చతో సహా.

రాయమల్లు కాసేపు ఆ మచ్చనే చూశాడు.

"సార్, గది నా ఫొటోనే గదా," అన్నాడు.

"నీదే! నీ జాతకం గట్టిది రాయమల్లూ. డ్రాల పన్నెండు మంది పేర్లేస్తే మళ్ళ నీ పేరే ఎల్లింది. లక్ష్మీదేవి నీ ఎంబడే ఉన్నది."

"పేరు తీసేస్త అన్నరు."

"తీసేసినం కదా, పాతది నిన్ననే పోయె. ఇది కొత్తది."

మధు అగరొత్తులు సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

"దవాఖానల కార్డు అడుగుతాండ్రు సార్. మీకు ఎరుకే."

"నేను జూస్త అన్న కదా. రెండేండ్లే. కన్ను మూసి తెరిచేలోపల పోతయ్."

రాయమల్లు చెయ్యి ఛాతీ మీదికి పోయింది. "రెండేండ్లు ఆగుమని దీనికి ఎవరు చెప్పాలె సార్?"

రాజేశ్వర్ రావు వాచీ చూసుకున్నాడు. "మంచి యాళ దాటిపోతాంది. ముందుగాల కొబ్బరికాయ కొట్టు. లైసెన్సుదారుడు కొట్టాలె, సెంటిమెంటు."

నోట్లో నాలుక లేని మనుషుల కోపం చేతుల్లోకి దిగుతుందంటారు. అతని చేతుల్లోకి కూడా దిగలేదు. పదహారేళ్ళుగా చెప్పిన పని చేసిన చేతులు కాయ అందుకుని రాయికేసి కొట్టాయి. సమానంగా రెండు చెక్కలైంది. మంచి శకునం అన్నారు అందరూ. షట్టర్ పూర్తిగా లేచింది. బయటివాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. అందులో ఒకడు గోడ చూసి, రాయమల్లును చూసి, "ఓనర్ సాబ్, నమస్తే," అన్నాడు. వాడు వేళాకోళానికన్నాడో నిజంగా అన్నాడో తెలియలేదు.

రాయమల్లు వెనక గదికి తిరిగొచ్చాడు. ఎక్కడ ఆపాడో డబ్బా చూస్తే తెలుస్తుంది. నూట ముప్పై రెండు. వంచాడు, విన్నాడు, జరిపాడు, గింజ వేశాడు. మధ్యాహ్నం కట్టమ్మ వస్తే ఏం చెప్పాలి? ఆ చీర కట్టుకుని వస్తుంది. రెండేళ్ళంటే ఆమె నమ్మదు, ఆమెకు అంకెలు బాగా తెలుసు. సారు ఇంటికి పోయి అడుగుదామంటుంది. అడిగితే ఈ కొలువు కూడా పోతుంది. పేరు మాత్రం పోదు. కొలువు పోయినా గోడ మీద తెల్లచొక్కా వేసుకుని రెండేళ్ళు యజమానిగానే ఉంటాడు. ఇది తలపుకొచ్చి అతనికి నిజంగానే నవ్వొచ్చింది. నవ్వితే దవడ దాకా లాగింది.

నూట తొంభై దాటాక బీరు కార్టన్లు. వాటిని వంచి వినడం ఇంకా కష్టం, బరువెక్కువ. మాత్రల అట్ట తీశాడు. చివరిది పొద్దుననే వేసుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. ఖాళీ అట్టను జేబులో పెట్టుకుని, తర్వాతి కార్టన్ మీద చెయ్యి వేశాడు.

పన్నెండు కావస్తుండగా ఫ్రిజ్‌లోకి బీర్ల కోసం మధు లోపలికొచ్చాడు. రాయమల్లు కాళ్ళు చాపి నేల మీద కూర్చుని, కార్టన్‌కు చెవి ఆనించి ఉన్నాడు. పగిలిన చప్పుడు వింటున్నాడనుకున్నాడు మధు. అలాంటప్పుడు పలకరిస్తే అతనికి నచ్చదని తెలుసు గనక, గుమ్మంలోనే కాసేపు ఆగాడు.

"మామా, పగిలిందా?" అని అడిగాడు చివరికి.

ఇంకోసారి అడిగాడు. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు.

కౌంటర్ ముందు గిరాకీ ఆగలేదు. రాజేశ్వర్ రావు లోపలికొచ్చి, చూసి, తల పట్టుకుని, "అయ్యో, అయ్యో" అన్నాడు. ఆయనకూ బాధ కలిగిన మాట నిజమే. ఒక నిమిషం పాటు కలిగింది. తర్వాత అడిగాడు, "వారసుల పేరు మీద మార్చుకోవచ్చు గదా మధూ? భార్య ఉన్నది గదా?" మధు రాయమల్లు భుజం మీంచి చెయ్యి తియ్యలేదు. "ఎనుక సందుల డిపో లారీ ఉన్నది. రాయమల్లును ముందట నుంచే తియ్యాలె. ఐదు నిమిషాలు షట్టర్ దించు."

దించుతుండగా కట్టమ్మ ఆటో దిగింది. పెట్టెలోంచి తీసిన ఆ చీర. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రద్దయిన కార్డు, డాక్టరు చీటీ, ఇద్దరి ఆధార్ కార్డులు. సగం దిగిన షట్టర్ కిందినుంచి వంగి లోపలికి వచ్చింది. అప్పుడే నలుగురు రాయమల్లును మోసుకొచ్చి కౌంటర్ పక్కన నేల మీద పడుకోబెడుతున్నారు.

ఆమె ఏడవలేదు. అతని పక్కన కూర్చుని, చొక్కా గల్లా గుండీ పెట్టబోయి, అది లేదని చూసి మానుకుంది. తలెత్తితే ఎదురుగా గోడ కనబడింది. తను కొన్న చొక్కా, తను మాడ్చిన మచ్చ, బంతిపూల దండ.

"గా దండ ఎప్పుడేసిండ్రు బిడ్డా?" అని మధును అడిగింది.

"పొద్దుగాల అత్తా. పూజకు."

"అప్పుడు బతికే ఉండె గదా."

మధు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. రాజేశ్వర్ రావు గొంతు సవరించుకుని ముందుకు వంగాడు. "కట్టమ్మా, అధైర్యపడకు. నేనున్న. నీ ఆధార్ కార్డు తెచ్చినవా? అందుల నీ ఫొటో ఉంటది, పని పడ్తది."

ఆమె చేతిలోని కవరును చూసుకుంది, ఆయన ముఖం చూసింది. "కార్డు కోసమా సార్?" అంది. "ఇంకెవరికి సార్, కార్డు?"

ఆయన కవరు కోసం చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది.

ఆటో వచ్చింది, తీసుకుపోయారు. షట్టర్ మళ్ళీ లేచింది. సాయంత్రం మధు కంప్యూటర్‌లో పొద్దుటి సరుకు చూశాడు. రెండువందల పన్నెండు కార్టన్లని చూపించింది. వెనక గదిలోకి పోయి రేకు డబ్బా వొంపి లెక్కపెట్టాడు. రెండువందల పదకొండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. గింజలు మొదటిసారి తప్పు చెప్పాయనుకుని లేవబోతుంటే, చివరి బీరు కార్టన్ కింద, అతని చెయ్యి వాలిన చోట, చెమటకు కొంచెం నాని మెరుస్తూ ఒక చింతగింజ కనబడింది.