నలభై ఒక్క డిగ్రీలు

2012 ఏప్రిల్‌లో, శంషాబాద్ గోదాములకు వెళ్లే కొత్త రోడ్డు మీద లారీ చక్రాల గాడులు పడ్డాయి. రోడ్డు వేసి రెండు నెలలే అయింది. తారు మెత్తబడి, చక్రాల కింద అణిగి, పక్కలకు ఉబ్బింది.

ఆ తారును పరీక్షించి సంతకం పెట్టింది కందుకూరు సరిత. కొత్తూరు దగ్గర కాంట్రాక్టరు నడిపే తారు ప్లాంటులో ల్యాబ్ పని ఆమెది. ట్యాంకరు డ్రైవర్ ఘియాసుద్దీన్ ప్రతిసారీ తన బండిలోంచి ఒక డబ్బాలో తారు పట్టి తెచ్చేవాడు. ఆమె దాన్ని ఇత్తడి రింగులో పోసి, చల్లారాక పైన ఉక్కు గుండు పెట్టి, నీళ్లలో మెల్లగా వేడిచేసేది. తారు సాగి గుండు కిందికి దిగేసరికి నీళ్ల వేడి నలభై ఏడు డిగ్రీలైనా ఉండాలి. ప్రతిసారీ ఉంది.

డబ్బాలోది మంచి తారు, ట్యాంకరులోది కల్తీ అయితే? ఘియాసుద్దీన్ దారిలో గంటలకొద్దీ ఆగుతాడని విన్నాక ఆమెకు నిద్ర పట్టలేదు. ఇంజనీరు జగదీశ్‌కు చెప్పింది. మర్నాడు బండిని గేటు దగ్గరే ఆపారు.

"నా మీద అనుమానమా మేడం?"

"డబ్బా నువ్వే నింపుతవు భాయ్. నేను ఎన్నడు చూడలె."

సరిత తనే ట్యాంకరు ఎక్కి తారు పట్టింది. గుండు నలభై తొమ్మిది దగ్గర దిగింది. అయితే రోడ్డు ఎందుకు మెత్తబడినట్టు? ఈసారి ట్యాంకర్ల తారును నిల్వచేసే ప్లాంటు ట్యాంకు నుంచి పట్టి చూసింది. నలభై ఒకటి.

తెల్లవారి ఏడింటికి చెప్పకుండా వెళ్లి మిక్సరు పక్కన నిలబడింది. ఆపరేటరు బుచ్చయ్య పంపులో డీజిల్ పోసి, గడ్డకట్టిన తారును కరిగించి, అదంతా ట్యాంకులోకే వదిలాడు.

"ఏంది కాకా, డీజిల్ ట్యాంకుల పోతున్నది?"

"పైపు కడుగుతున్న బిడ్డా. కడిగింది పోసే బయటి డ్రమ్ము ఎప్పుడో నిండింది. రోజూ గిట్లనే చేస్తున్న."

అతను ఏమీ దాచలేదు. తను ఒక్కసారి వచ్చి చూసి ఉంటే తెలిసేదే. రిపోర్టులో సరిత రెండు అంకెలూ రాసి, ప్లాంటు ట్యాంకును తాను ఎప్పుడూ పరీక్షించలేదని కూడా రాసింది. రోడ్డు పైపొర చెక్కి మళ్లీ వేశారు.

తర్వాతి ట్యాంకరు వచ్చినప్పుడు ఆమె గేటు దగ్గరికి వెళ్లింది. ఆ రోజు బండి ఆపినవాళ్లు అక్కడే ఉన్నారు.

"తప్పు నాది భాయ్."

"ఆ రోజు నలుగురు చూసిండ్రు మేడం."

"అందుకే గీ నలుగురి ముంగట చెప్తున్న."

ఘియాసుద్దీన్ ట్యాంకరు నిచ్చెన చూపించాడు. "మీరే ఎక్కి పట్టుకోండ్రి. జర పైలం, జారుతది."

ఆ వేసవంతా అతను ఆమెతో పనికి సంబంధించిన మాట తప్ప మరొకటి మాట్లాడలేదు.