పసుపు కప్పిన మచ్చ

శరత్కాలమేఘములు ఏకిన దూదివలె తేలియాడుచుండ వానలచే కడుగబడిన కొండచరియలు పచ్చనికాంతుల నీనుచుండ చెరకుతోటలమీదుగా వచ్చు ప్రాతఃకాలపవనము వెలిచర్లకోట ప్రాకారమును దాటి గుఱ్ఱపుసాలలోని పచ్చగడ్డివాసనను అంతఃపుర గవాక్షములదాక మోసికొని వచ్చుచుండెను. అది ఆశ్వయుజ మహానవమి. ఆనాడు కోటలోని కత్తులకును బల్లెములకును పురోహితుడు పూజచేయుటయు గుఱ్ఱములకు మాత్రము ఇంటియిల్లాలు స్వహస్తమున బొట్టుపెట్టి హారతి యిచ్చుటయు తరతరములుగా వచ్చుచున్న ఆచారము.

ఆ యిల్లాలు రత్నాయమ్మ. సంస్థానాధిపతియగు దామోదర రాయణింగారి ధర్మపత్ని. ఆమె యెదుట నిలిచినది గోరోచన యను ఆడుగుఱ్ఱము. పసిమివన్నె మేనును మెత్తని చూపును గల ఆ జంతువు మూడేండ్లుగా దొరసాని చేతిబెల్లమునకు మరిగి ఆమె గాజులసవ్వడి వినబడినంతనే చెవులు నిక్కించి ఆనందముతో సకిలించుచుండెడిది.

హారతివేళ పరివారమెల్ల కన్నులు మూసి చేతులు మోడ్చియుండెను. ముప్పదియేండ్లుగా ఆ సాలలో గుఱ్ఱములను పెంచి శిక్షణ నిచ్చుచున్న దస్తగిరి సాహేబు గుఱ్ఱమునకు కుడివైపున వంగి కడుపుపట్టెడ బిగించుచుండెను. రత్నాయమ్మ చేతికి ఆ యుదయముననే తొడిగిన క్రొత్తగాజులుండెను. వానిని తన యాడుబిడ్డ చూచుచున్నదో లేదో యని ఆమె ఒక్క లిప్తకాలము ముఖము త్రిప్పెను. పళ్ళెము ఒరిగెను. మండుచున్న కర్పూరపుబిళ్ళ జారి గోరోచన యెడమకనురెప్పపై పడి అంటుకొనెను.

హారతి జారుట అపశకునము. మఱునాడు దొర విజయదశమి యూరేగింపునకు ఆ గుఱ్ఱముమీదనే వెడలవలసియుండెను. రత్నాయమ్మ అరచేత నిప్పు నదిమి క్షణములో దళముగా పసుపుపూసి దానిపై కుంకుమ నద్దెను. గుఱ్ఱము గడగడ వణకెను. “నిలు బిడ్డా, నిలు” అని దస్తగిరి ఆవలినుండియే బుజ్జగించెను. భక్తుల కన్నులు తెరచుకొనునప్పటికి పూజ సలక్షణముగా ముగిసియుండెను.

మఱునాడు దొర గుఱ్ఱమెక్కి కూర్చుండగా వీరతిలకము దిద్దుటకై రత్నాయమ్మ ఎడమవైపునుండి సమీపించెను. గాజులు గలగల మ్రోగెను. గోరోచన నిలువున లేచెను. దొర ఊరిజనులందఱు చూచుచుండ రాతిమెట్లపై పడగా కుడిభుజము కీలు తప్పెను. బాధకంటె అవమానమే ఎక్కువకాగా ఆయన ఎడమచేత చబుకందుకొని దస్తగిరి వీపుపై చెళ్ళున కొట్టెను.

“గుఱ్ఱాన్ని పెంచావా, పులిని పెంచావా? కార్తికపున్నమికి దీని పొగరు దిగకపోతే తుపాకికి అప్పగిస్తాను!”

దస్తగిరి తలవంచి గుఱ్ఱమును తోలుకొనిపోయెను. రత్నాయమ్మ చేతిలో తిలకపుగిన్నె యుండెను. ఆమె దానితోనే లోనికి మరలెను.

నాలుగుదినములు ఆమె సాల ఛాయలకు పోలేదు. ఐదవనాటి యుదయమున దాసీలను వలదని ఒంటరిగా గుఱ్ఱపుసాలకు పోయెను.

“ఆడనే నిలవండమ్మా! గాజులు!” అని దస్తగిరి చేయెత్తెను.

అప్పటికే గోరోచన గోడకు అదుముకొని తెల్లగ్రుడ్డు కనబడునట్లు కన్ను త్రిప్పుచు చెమటలు గ్రమ్మి వణకుచుండెను.

“అంత పొగరా దీనికి?” అని ఆమె అడిగెను. అడుగుచున్న తన కంఠస్వరమే తనకు ఏవగింపు గొలిపెను.

“పొగరా? పొగరున్నది మీదికొస్తాది తల్లీ. ఇది గోడలోకి దూరిపోతా ఉండాది, చూడండి. బెదిరినదాన్ని కొట్టినామంటే, నువ్వు బెదిరింది నిజమేలే అని మనమే చెప్పినట్టు. దొరగారు నన్ను కొట్టి మేలు చేసినారు, దాన్ని కొట్టుంటే చేతికి దొరికేది కాదు.”

“మరి దీనికి మార్గం?”

“ఏది బెదిరించిందో అదే మళ్ళీ రావాల. దూరంగా రావాల. ఏ కీడూ చెయ్యకుండా పోవాల. దినమూ.”

“ఏది బెదిరించిందో నీకు తెలుసా?”

ముదుసలి తడిగుడ్డను పిండుచు ఆమెవైపు చూడకయే పలికెను. “నవమి సాయంత్రం దాని మొగం కడిగింది నేనే గదమ్మా. పసుపు కింద తోలు కాలుండాది.”

రత్నాయమ్మ గాజులచేతిని పైటకొంగులో చుట్టుకొనెను.

“తెలిసి కూడా దెబ్బ తిన్నావా? దొరగారితో ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పేది? ఇంటితల్లి చేతి హారతి జారిందనా? నా వీపు గుఱ్ఱాల కాడ ముదిరిన తోలులెండి, మానిపోతాది. దీని కన్ను పోలేదు, అంతే చాలు.”

మఱునాటినుండి ఆమె గాజులు మ్రోగకుండ గుడ్డపేలిక చుట్టి అదే హారతిపళ్ళెములో ఉడికిన ఉలవలు పోసికొని నలువదియడుగుల దూరమున నిలువసాగెను. గుఱ్ఱము తలయెత్తినంతనే పళ్ళెము నేలపై పెట్టి వెనుకకు మరలుచుండెను. పదిదినములకు దూరము సగమయ్యెను. పిదప పేలికనుండి దినమునకొక గాజును విడిపింప మొదలిడెను. పున్నమి యిక ఏడుదినములే యున్నదని ఒకనాడు ఆత్రముతో రెండడుగులు ముందునకు వేయగా గోరోచన వెనుకకాళ్ళతో తొట్టిపలకను రెండుగా తన్నెను.

“మీ భయం దాని నెత్తిన పెట్టబాకండమ్మా” అని దస్తగిరి మందలించెను. “దానిది దానికే చాలినంత ఉండాది.”

మరల నలువదియడుగులనుండి ఆరంభింపవలసివచ్చెను. అయినను ఈమారు గుఱ్ఱము త్వరగా దరిచేరనిచ్చెను.

కార్తికపున్నమినాటి యుదయమున దొర భుజమునకు కట్టుతో చేత చబుకుతో తుపాకిబంటులతో ఊరిపెద్దలతో సాలముంగిట నిలిచెను. రత్నాయమ్మ గాజులన్నియు మ్రోగుచుండ ఎడమవైపునుండి నడచిపోయెను. గోరోచన మేను ఒక్కసారి జలదరించెను. చెవులు వెనుకకు పోయి మెల్లగా ముందునకు వచ్చెను. పిదప మూతి సాచి ఆమె పళ్ళెములోని ఉలవలను తినసాగెను.

దొర పకపక నవ్వెను. “చూశారా! ఆనాడు ముసలాడికి పడిన చబుకు ఊరికే పోలేదు!”

అందఱును నవ్విరి. దస్తగిరియు తలవంచి చిరునవ్వు నవ్వెను. గుఱ్ఱమునకు ప్రాణము దక్కినది. ఇక ఆమె పెదవి కదుపవలసిన పని లేదు. ఆ నవ్వులనడుమ రత్నాయమ్మకు ముదుసలి చొక్కాక్రింద ఇంకను పూర్తిగా మానని వాత కన్నులగట్టెను. గుఱ్ఱమునకు చేసిన అపరాధమును ఉలవలతో తీర్చవచ్చునేమోగాని ఈ మనుష్యునకు చేసిన అపరాధము దెబ్బ పడినచోటనే చూచినవారియెదుటనే తీర్పవలసినదని ఆమెకు తోచెను.

“చబుకు కాదు” అనెను. “నవమినాడు నా చేతి హారతి జారి దాని కంటిమీద పడింది. నేనే పసుపు పూసి దాచాను. సాహేబుకు తెలుసు. తెలిసీ నాకోసం దెబ్బ తిన్నాడు.”

నవ్వులు ఆగెను. దొర ముఖము నల్లబడెను. భార్యను చూచి పిదప గుఱ్ఱము కనురెప్పను చూచి తుదకు దస్తగిరిని చూడలేక చేతిలోని చబుకును అతని చేతిలో పెట్టి లోనికి పోయెను.

“ఇది నాకేం పనికొస్తాది?” అని గొణిగి ముదుసలి దానిని కొయ్యకు తగిలించెను. ఆ చబుకు మరల అక్కడనుండి దిగలేదు.

కాలినచోట వెండ్రుకలు మరల మొలిచెను గాని పసిమిగా కాక తెల్లగా మొలిచెను. ప్రతియేట నవమినాడు రత్నాయమ్మ గోరోచనకు పసుపు పూసి బొట్టు పెట్టుచునే యుండెను. ఆ తెల్లని మచ్చను మాత్రము ఎన్నడును కప్పలేదు.